రాజా దీనదయాళు

లోకమున కొందరు తాము చేసిన ఘనకార్యములచే కీర్తిమంతు లగుదురు. మరికొందరు తమ కాలపు నగరములను, జనులను, వేడుకలను, కష్టములను రాబోవు తరములవారికి భద్రపరచి యిచ్చుటచే కీర్తిమంతు లగుదురు. ఈ రెండవ తెగవారిలో మన హైదరాబాదు నగరమునకు మిక్కిలి ఆప్తులు రాజా దీనదయాళుగారు. పాతనగరమునందలి చార్మినారు, మక్కా మసీదు, చౌమహల్లా, ఫలక్‌నుమాల పూర్వపు చిత్రములను చూడని విద్యార్థులు మనలో అరుదు. కాని ఆ చిత్రములను తీసిన వారి శ్రమ నెరిగినవారు కొద్దిమందియే. కావున వారి చరిత్రమును ఈ సంచికయందు సంగ్రహముగా తెలుపబూనితిమి.

దీనదయాళుగారు 1844వ సంవత్సరమున, మీరట్టునకు సమీపమున నున్న సర్ధనా పట్టణమున, ఒక జైన కుటుంబమునందు జన్మించిరి. బేగం సమ్రూ కట్టించిన పెద్ద క్రైస్తవ దేవాలయముచే ఆ యూరు ప్రసిద్ధి కెక్కినది. ఆయన రూర్కీయందలి థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి 1866లో విద్య ముగించిరి. ఆ విద్యాలయమే నేడు రూర్కీ ఐ.ఐ.టి. యను పేర వర్ధిల్లుచున్నది. భూమి కొలుచుట, పటములు గీయుట, కట్టడములకు అంచనాలు వేయుట అచ్చట ఆయనకు అలవడెను. పిదప ఇందూరు సంస్థానమున మరామతు శాఖలో ఉద్యోగము దొరకెను.

దాదాపు ముప్పది యేండ్ల వయస్సున, 1874 ప్రాంతమున, ఆయన మనస్సు ఛాయాచిత్రకళపైకి మరలెను. ఇందూరు ప్రభువగు తుకోజీరావు హోల్కరుగారును, మధ్యహిందూస్థానమున ఆంగ్ల ప్రభుత్వమునకు ప్రతినిధిగా నుండిన సర్ హెన్రీ డేలీగారును ఆయనను ప్రోత్సహించిరి. 1875-76లో వేల్సు యువరాజు హిందూదేశమునకు వచ్చినప్పుడు ఆ యాత్రా చిత్రములను తీయు భాగ్యము ఆయనకు లభించెను. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్‌గారితో కూడ బుందేల్‌ఖండు ప్రాంతములను తిరిగి, కోటలను, దేవాలయములను చిత్రించిరి. ఈ చిత్రములు 1886లో గ్రంథరూపమున వెలువడెను.

ఆ కాలమున ఒక చిత్రము తీయుట యెంత కష్టమో మన బాలబాలికలు తెలిసికొనవలెను. దీనదయాళుగారు ఈ విద్య నారంభించిన దినములలో గాజుపలకపై కొలోడియను అను ద్రావకమును సమముగా పోసి, దానిని చీకటి గుడారములో వెండి లవణపు నీటిలో ముంచి, తడి యారకముందే కెమెరాలో నుంచి వెలుతురు సోకించి, వెంటనే మందులతో కడుగవలసి యుండెను. ఎండ వేడికి పలక ఆరిపోయినను, ధూళి పడినను శ్రమ యంతయు వృథ. కొండమీది గుడికి పోవలెనన్నచో కెమెరా, ముక్కాలిపీట, గాజుపలకలు, మందుసీసాలు, గుడారము, నీరు అన్నియు మోయించుకొని పోవలెను. తరువాతి యేండ్లలో పొడిపలకలు అమ్మకమునకు వచ్చినపుడు ఈ కష్టము కొంత తగ్గెను. అయినను పలక యెంత పెద్దదో కాగితముపై చిత్రమును అంతే. పెద్ద చిత్రము కావలెనన్న పెద్ద గాజు మోయక తప్పదు.

ఇట్టి పనికై స్థిరమైన సర్కారు ఉద్యోగమును విడుచుట సామాన్యమైన తెగువ కాదు. నెలజీతము, పింఛను, గౌరవము గల కొలువొకవైపు. ఎండకు వానకు లోబడిన గాజుపలకలు మరియొకవైపు. భార్యాబిడ్డలు గల గృహస్థుడు ఏ దారి నెన్నుకొనునో చెప్పనక్కరలేదు. దీనదయాళుగారు తొందరపడలేదు. మొదట దీర్ఘమైన సెలవు తీసికొని, తన పని కుటుంబమును పోషింపగలదని తెలిసిన పిమ్మట ఉద్యోగమును వదలుకొనిరి. తల్లిదండ్రులు ఈ సంగతిని ప్రత్యేకముగా గమనింపవలెనని మా కోరిక.

1880ల నడుమ ఆయన హైదరాబాదునకు వచ్చి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్‌గారి ఆస్థాన ఛాయాచిత్రకారు లైరి. సికింద్రాబాదున చిత్రశాలను స్థాపించిరి. 1896లో బొంబాయియందు మరియొకటి తెరచిరి. 1892లో ఘోషా స్త్రీలకై నగరమున వేరుగా నొక చిత్రశాల నేర్పరచి, దాని నిర్వహణము నొక ఆంగ్ల స్త్రీకి అప్పగించిరి. పరపురుషుని యెదుట నిలువరాని యిల్లాండ్రకు గూడ తమ రూపమును, తమ బిడ్డల రూపమును నిలుపుకొను అవకాశము దీనివలన కలిగెను. 1894లో నిజాముగారు ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అను బిరుదు నిచ్చిరి. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. 1897లో విక్టోరియా రాణిగారి ఛాయాచిత్రకారులుగను నియమితులైరి.

ఒక నగరమును, ఒక గొప్ప సభను ఒక్క పలకలో పట్టుట అసాధ్యము. అందుచే ఆ కాలపు చిత్రకారులు ఎత్తైన తావున ముక్కాలిపీటను నీటిమట్టముగా నిలిపి, కెమెరాను కొంచెము కొంచెముగా త్రిప్పుచు వరుసగా పలకలను తీసి, ఒకదాని యంచు మరియొకదానిపై కలియునట్లు అతికించి విశాల దృశ్యమును కూర్చుచుండిరి. నడుమ మబ్బు క్రమ్మినచో అతుకు కనబడును. పీట వంగినచో ఇండ్లన్నియు వ్రాలినట్లు తోచును. ఈనాటి విద్యార్థుల రోబోటిక్సు పోటీలలో విశాలమైన శాలను, యంత్రములను, వందలకొలది ప్రేక్షకులను ఒకే చిత్రమున సూక్ష్మముగా చూపువారు ఈ పద్ధతినే యనుసరింతురు. అతికెడి పని కంప్యూటరు చేయును గాని, కటకము తన చోటినుండి జరుగరాదు, ప్రతి చిత్రము ప్రక్కదానితో కొంత కలియవలెను, వెలుతురు కొలత మారరాదు అను నియమములు మారలేదు. నడుమ యంత్రమో బాలుడో కదలినచో ఆ రూపము సగమే పడును, లేక రెండుమారులు పడును. కావున పరికరమెంత గొప్పదైనను ఓర్పు లేనివానికి ఈ పని పట్టుబడదు.

దీనదయాళుగారు ప్రభువుల కొలువులో నున్నవారు. వారి పలకలలో అధికభాగము దర్బారులు, వేటలు, సేనల కవాతులు, మహలుల యలంకారములే. చూచువారు ఈ సంగతిని మరువరాదు. అయినను ఆ కెమెరా దుఃఖము నుండి పూర్తిగా మరలలేదు. 1899-1900 నాటి క్షామమున, అప్పుడు నిజాము రాజ్యమున నుండిన ఔరంగాబాదులో ఎముకలు మాత్రము మిగిలిన నిరుపేదల చిత్రములను ఆ చిత్రశాల తీసెను. క్షామ నివారణకు సర్కారు చేసిన పనులను చూపుటకే ఆ సంపుటము సిద్ధమైనను, దానిలోని యా ముఖములను చూచినవారు రాజ్యవైభవమును మాత్రమే తలచుకొనలేరు. ఫలక్‌నుమా దీపవృక్షములును, ఆ యాకలి రూపములును ఒకే చిత్రశాలనుండి వెడలినవే.

1904లో కుమారుడు ధరంచందుగారు మరణించుట ఆయనకు తీరని శోకమయ్యెను. మరుసటి సంవత్సరము, 1905 జూలై 5వ తేదీని, బొంబాయియందు దీనదయాళుగారు పరమపదించిరి. మరియొక కుమారుడు జ్ఞానచందుగారు చిత్రశాలను నడపిరి.

ఆయన గతించిన మూడేండ్లకు, 1908 సెప్టెంబరు 28న, మూసీనది పొంగి నగరమును ముంచెను. వేలకొలది ప్రాణములు పోయెను. నదీతీరపు వాడలు కొట్టుకొనిపోయెను. పిమ్మట క్రొత్త వీధులు, క్రొత్త భవనములు వెలసెను. పూర్వపు నగరమెట్లుండెనో నేడు మనము కన్నులార చూడగలుగుచున్నామన్న, పగులుటకు సిద్ధముగా నుండు ఆ గాజుపలకలే ముఖ్యకారణము. రాతిగోడలు పోయెను, గాజు నిలిచెను. 1989లో 2,857 పలకలు ఢిల్లీయందలి ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరెను. 2006లో భారత తపాలాశాఖవారు ఆయన పేర స్టాంపును వెలువరించిరి.

విద్యార్థులారా! సువార్తలోని తలాంతుల యుపమానము మీరెరుగుదురు. తనకు దొరకిన ధనమును మంటిలో పాతిపెట్టిన సేవకునకు కలిగిన ఫలమును ఎరుగుదురు. దీనదయాళుగారు పటములు గీయుటకు నేర్చిన కన్నును, కొలతలకు అలవడిన చేతిని పాతిపెట్టక వృద్ధిపరచిరి. నేడు మీ చేతులలో నున్న కెమెరాలు క్షణములో వేయి చిత్రములు తీయగలవు. వానిలో ఒక్కటియైనను నూరేండ్ల పిదప ఒకరికి ఉపకరించునట్లు శ్రద్ధతో తీయుడు. దాని వెనుక ఊరు, తేదీ వ్రాసి భద్రపరచుడు. మీ వీధి, మీ పాఠశాల, మీ పెద్దలు ఇప్పుడున్నట్లు ఎల్లకాలము నుండరు.