విశ్వేశ్వరయ్య మురుగు పథకం... మన పాలగ్లాసు

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో చదివే పిల్లలకు మోక్షగుండం విశ్వేశ్వరయ్య అంటే సెప్టెంబరు 15, ఇంజినీర్స్ డే. ఒక మార్కు ప్రశ్న. ఒక వైద్యుడిగా చూస్తే మాత్రం ఆయన హైదరాబాద్ ఆరోగ్యానికి పునాది వేసిన మనిషి.

ఆయన పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. ఆయన పుట్టింది 1861లో, మైసూరు సంస్థానంలోని ముద్దేనహళ్లిలో. చిన్న వయసులోనే తండ్రి పోయారు. ట్యూషన్లు చెప్పుకుంటూ బెంగళూరులో బీఏ చదివారు. పుణెలో ఇంజినీరింగ్ పూర్తిచేసి, 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు. సుక్కూరుకు తాగునీటి పథకం, ఏడెన్‌కు నీరు, డ్రైనేజీ పథకాలు ఆయన చేతి మీదుగానే సాగాయి.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం ఆయన్ని పిలిపించింది. ఎగువన జలాశయాలు కట్టాలని సూచించారు. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అంతటితో ఆగలేదు. ఇళ్ల మురుగును భూగర్భ పైపుల్లో నగరం వెలుపలికి పంపే పథకమూ ఇచ్చారు. తాగే నీరు, మురుగు కలవకపోతే కలరా, టైఫాయిడ్ సగం తగ్గినట్టే. తర్వాత 1912 నుంచి 1918 దాకా మైసూరు దివాన్‌గా పనిచేశారు. 1955లో భారతరత్న అందుకున్నారు. వందేళ్లు నిండాక 1962లో కన్నుమూశారు.

ఆయన లెక్క వేసింది ఇళ్ల మురుగుకు. బ్యాటరీలు, ఎలక్ట్రోప్లేటింగ్, రంగుల వ్యర్థాలు ఆ తర్వాత వచ్చి చేరాయి. హుస్సేన్‌సాగర్ నాలా అశోక్‌నగర్ మీదుగా వెళ్లి మూసీలో కలుస్తుంది. దిగువన ఆ నీటితోనే పారాగడ్డి పెంచుతారు. దాన్ని గేదెలు మేస్తాయి.

శుద్ధి కేంద్రంలో బ్యాక్టీరియా మలినాలను విరగ్గొడుతుంది. సీసం, కాడ్మియం మాత్రం విరిగిపోవు. కొంత బురదలో, కొంత నీటిలో మిగిలి నేలకు, గడ్డికి చేరతాయి. కాడ్మియం ఎక్కువగా పశువు కాలేయం, కిడ్నీల్లో పేరుకుంటుంది. పాలలోకి తక్కువగా వస్తుంది. సీసం ఎముకల్లో నిలిచి, కొంత పాలలోకీ దిగుతుంది. అందుకే అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం కిలో పాలకు 0.02 మిల్లీగ్రాముల సీసం దాటకూడదంటుంది. ఎంత మరిగించినా లోహం పోదు. పెద్దల కంటే పిల్లల ఒంట్లోకి సీసం నాలుగైదు రెట్లు ఎక్కువగా చేరుతుంది. చదువు మందగించడం, రక్తహీనత దాని ఫలితాలు. కాడ్మియం మన కిడ్నీల్లో దశాబ్దాలు ఉండిపోతుంది.

అలాగని పాలు మానేయొద్దు. చిక్కడపల్లి, నారాయణగూడ ఇళ్లలో విడిపాలు పోయించుకునేవారు గడ్డి ఎక్కడిదని పాలవాడిని అడగండి. మూసీ గడ్డి అయితే పాలు మార్చండి. గుర్దా, కార్జం తరచూ తినొద్దు. పిల్లలకు ఆకుకూరలు, పప్పు, రాగులు పెట్టండి. ఐరన్, కాల్షియం సరిపడా ఉంటే ఒంట్లోకి చేరే సీసం తగ్గుతుంది. అనుమానం ఉంటే రక్తంలో సీసం పరీక్ష గురించి డాక్టర్ని అడగండి. పాత బ్యాటరీలు నాలాలో వేయకండి. విశ్వేశ్వరయ్య మురుగును ఊరి బయటికి పంపితే, మనం కలిపిన లోహం గడ్డి దారిలో మళ్లీ మన వంటింటికే వస్తోంది.