మాజినో లైన్ సరే, మరి మాజినో ఎవరు?

నెట్‌వర్క్ సెక్యూరిటీ క్లాసులో ఫైర్‌వాల్ పాఠం మధ్యలో మాజినో లైన్ పేరు వచ్చింది. వీధి గుమ్మానికి ఎంత పెద్ద తాళం వేసినా పెరటి తలుపు తీసి ఉంటే ఏం లాభం, అన్నదానికి అది ఉదాహరణ. అందరం నవ్వాం. నేనైతే మాజినో అంటే ఏదో ఊరు అనుకున్నా. రూముకొచ్చి వెతికితే తెలిసింది, అది ఒక మనిషి పేరు. ఆ రాత్రి అసైన్‌మెంట్ పక్కన పడేసి ఆయన గురించే చదివా.

ఆంద్రే మాజినో 1877లో పారిస్‌లో పుట్టాడు. కుటుంబానిది మాత్రం జర్మనీ సరిహద్దు వైపు ఉన్న లొరేన్ ప్రాంతం. ఆయన పుట్టడానికి ఆరేళ్ల ముందే జర్మనీ యుద్ధంలో గెలిచి లొరేన్‌లో కొంత భాగాన్నీ, పక్కనున్న అల్సాస్‌నీ లాగేసుకుంది. పోయిన ఆ నేల గురించి వింటూ పెరిగిన తరం ఆయనది. కొన్నాళ్లు అల్జీరియాలో ప్రభుత్వ ఉద్యోగం చేశాడు. 1910లో పార్లమెంటుకి గెలిచాడు. 1913లో యుద్ధ శాఖలో సహాయమంత్రి లాంటి పదవి కూడా వచ్చింది.

1914లో యుద్ధం మొదలైంది. పలుకుబడి ఉన్నవాడు, ఆఫీసులో కూర్చోవచ్చు. కానీ మామూలు సిపాయిగా చేరాడు. సార్జెంట్ అయ్యాడు. ఆ నవంబరులో వెర్డన్ దగ్గర కాలికి తూటాలు తగిలాయి. ఆ తర్వాత బతికినన్నాళ్లూ కుంటుతూనే నడిచాడు.

యుద్ధం అయిపోయాక పెన్షన్ల మంత్రి అయ్యాడు. అంటే కాళ్లూ చేతులూ కళ్లూ పోయినవాళ్లు, భర్తలు పోయిన ఆడవాళ్లు, వీళ్లందరి ఫైళ్లూ ఆయన టేబుల్ మీదకే. ఫ్రాన్స్‌కి పోయిన సైనికులు దాదాపు 14 లక్షలు. 1920 నవంబరు 10న వెర్డన్ కోటలో ఎనిమిది శవపేటికలు పెట్టారు, అన్నీ పేరు తెలియని సైనికులవే. వాటిలో ఒకటి ఎంచమని మాజినో ఓ కుర్ర సిపాయికి పూలగుత్తి ఇచ్చాడు. అతని పేరు ఆగుస్త్ తాన్, తండ్రి కూడా యుద్ధంలోనే పోయాడు. తన రెజిమెంట్ నంబర్ 132లోని అంకెలు కూడుకుని ఆరో పేటిక మీద ఆ పూలు పెట్టాడు. పారిస్‌లో ఇప్పటికీ జ్యోతి వెలుగుతున్న సమాధి అదే. 1923లో ఆ జ్యోతిని మొదట వెలిగించింది కూడా మాజినోనే.

ఇదంతా తెలిశాకే ఆ గోడ నాకు అర్థమైంది. యుద్ధంలో అంతమంది పోవడంతో పిల్లలూ తక్కువగా పుట్టారు. కాబట్టి 1935 తర్వాత సైన్యానికి కుర్రాళ్లే చాలరు. మనుషులు లేని చోట కాంక్రీట్ పెడదాం అన్నదే లెక్క. నిజానికి ప్లాన్ వేయించింది అంతకుముందు యుద్ధ మంత్రిగా ఉన్న పాల్ పెన్లెవే. గణిత శాస్త్రవేత్త, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌లో ఆయన పేరుతో ఈక్వేషన్లే ఉన్నాయి! పార్లమెంటుని ఒప్పించి డబ్బు తెచ్చింది మాత్రం మాజినో. 1930 జనవరి 14 చట్టంతో 290 కోట్ల ఫ్రాంకులు వచ్చాయి.

ఆ డబ్బుతో కట్టినవి చూస్తే మన సివిల్ వాళ్లు కూడా ముచ్చటపడతారు. పెద్ద కోటల్లో సొరంగాలు భూమికి ఇరవై ముప్పై మీటర్ల లోతున ఉంటాయి. లోపల గుండ్లు మోసే చిన్న కరెంటు రైళ్లు, సొంత డీజిల్ జనరేటర్లు. విషవాయువు లోపలికి రాకుండా గాలి ఒత్తిడి బయటకన్నా ఎక్కువ ఉంచేవాళ్లు. పైన ఫిరంగి బురుజు లేచి, పేల్చి, మళ్లీ నేలలోకి దిగిపోతుంది.

మాజినో ఇవి పూర్తవడం చూడలేదు. 1932 జనవరి 7న టైఫాయిడ్‌తో పోయాడు. వయసు 54.

1940 మేలో జర్మన్లు ఆ పెద్ద కోటల జోలికి పోకుండా ఆర్డెన్ అడవుల గుండా వచ్చి సెడాన్ దగ్గర నది దాటేశారు. జర్మన్లని బెల్జియం వైపు మళ్లించి, ఫ్రెంచి సైన్యం అక్కడికెళ్లి పోరాడాలన్నదే అసలు ప్లాన్. మంచి దళాలన్నీ బెల్జియంలోకి వెళ్లాయి, అడవి దగ్గర బలహీనమైనవి మిగిలాయి. బెల్జియం వైపు పెద్ద కోటలు కట్టకూడదన్న నిర్ణయం మాజినో ఉండగానే జరిగింది, కాబట్టి ఆయన తప్పేమీ లేదని నేను అనను. కానీ పెరటి తలుపు దగ్గర చాలినంత కాపలా పెట్టని జనరల్స్ పేరు ఏ సామెతలోనూ లేదు. ఎనిమిదేళ్ల కింద పోయిన మనిషి పేరు మిగిలింది. పెద్ద కోటల్లో చాలావాటిని జర్మన్లు గెలవలేకపోయారు, సంధి కుదిరాక పై నుంచి ఆర్డర్ వస్తేనే లోపలివాళ్లు బయటికొచ్చారు. ఇటలీ వైపు పోన్ సాన్ లూయీ దగ్గరైతే తొమ్మిది మంది దారి ఇవ్వకుండా నిలబడ్డారు. ఈ సంగతి మా క్లాసు ఉదాహరణలో రాలేదు.

వెర్డన్ దగ్గర ఆయనకి 1935లో కట్టిన స్మారకం ఉంది. ఫొటో చూశా. గాయపడ్డ సార్జెంట్‌ని ఇద్దరు సిపాయిలు మోసుకెళ్తుంటారు.