ఫౌస్టో కొప్పి

ఎదురుగాలి వీచునపుడు తోటివాని సైకిలు వెనుక చేరి సులభముగా పోవుట మన బాలురకు తెలియని విద్య కాదు. చదునైన బాటపై గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవువాని శ్రమలో అధికభాగము గాలిని చీల్చుటకే వ్యయమగును. వెనుకవానికి ఆ శ్రమ ఇంచుమించు మూడవవంతు తగ్గును. నిటారు కొండదారిలోనన్ననో వేగము సగమునకు పడిపోవును. గాలి తాకిడి స్వల్పమై, దేహభారమే ప్రధాన శత్రువగును. అచ్చట ముందువాని చాటు ఇచ్చు మేలు కొంచెమే. ఈ సత్యమును తన కాళ్లతో లోకమునకు చూపినవాడు ఇటలీ దేశీయుడగు కొప్పి.

ఇతడు 1919 సెప్టెంబరు 15వ తేదీన కాస్టెల్లానియా యను కొండపల్లెలో సేద్యగాని యింట జన్మించెను. బాల్యముననే చదువు మాని, నోవీ లిగూరె పట్టణమందలి మాంసపు దుకాణమున చేరి, సైకిలుపై సరకు యింటింటికి చేర్చుచుండెను. 1940లో ఇటలీ దేశపు మహాపందెమునకు ప్రఖ్యాతుడగు జీనో బార్తాలికి సహాయకుడుగా వెళ్లెను. నాయకునకు గాలి చాటు కల్పించుట సహాయకుని పని. రెండవ దినమున కుక్క అడ్డుపడి బార్తాలి గాయపడెను. తుదకు 20 ఏండ్ల సహాయకుడే గెలిచెను. కొండలలో బార్తాలియే అతనికి తోడ్పడెననుట మాకు మిక్కిలి ప్రీతికరము. పందెము ముగిసిన మరునాడే ఇటలీ యుద్ధమున దిగెను. 1943లో కొప్పి ఆఫ్రికాలో ఆంగ్లేయులకు బందీయయ్యెను.

1949లో కూనియో నుండి పినెరోలో వరకు ఐదు కనుమలు దాటుచు 192 కిలోమీటర్లు ఒంటరిగా సాగి, బార్తాలికంటె దాదాపు 12 నిమిషములు ముందుగా చేరెను. 1952లో ఫ్రాన్సు దేశపు పందెము తొలిసారి ఆల్ప్ ద్యూయెజ్ కొండనెక్కెను. 1947 నాటి విజేత రోబిక్ మొదటనే విజృంభించెను. కొప్పి అతనిని అందుకొనగా, రోబిక్ వెనుక చక్రమును విడువక అంటుకొని పోయెను. చదునుబాటయైనచో ఈ యుపాయము ఫలించియుండునేమో! కొంతసేపటికి వెనుక ఊపిరి చప్పుడు వినరాకపోగా కొప్పి విషయము గ్రహించెను. పైకి చేరునప్పటికి వారిరువురి నడుమ 80 సెకండ్ల అంతరము.

అంతకు ముందటి సంవత్సరమే, 1951లో, అతని తమ్ముడు సెర్సె పందెమున పడి మరణించియుండెను.

1959 డిసెంబరులో కొప్పి పశ్చిమాఫ్రికాకు వెళ్లి మలేరియాతో తిరిగి వచ్చెను. వైద్యులు దానిని గుర్తింపలేదు. అదే జ్వరము సోకిన సహయాత్రికుడు జెమినియానికి రోగము సకాలమున తెలిసి బ్రదికెను. కొప్పి 1960 జనవరి 2వ తేదీన, 40వ ఏట మృతినొందెను. కాస్టెల్లానియాలో అన్నదమ్ములిరువురును ఒకేచోట ఉన్నారు. 2019లో ఆ పల్లె పేరునకు కొప్పి యను పేరు చేర్చబడినది.