సేవాపథంలో డాక్టర్ అన్సారీ

కళాశాలలో గడిపే కాలం మానవ జీవితంలో స్వల్పభాగమే. అయినా ఆ కాలంలో మనస్సుపై పడిన ముద్రలు కడదాకా చెరగవు. కళాశాల విద్యార్థికి పట్టా ఇస్తుంది. ఆ పట్టాను ఎవరి మేలు కోసం వినియోగించాలనే ప్రశ్నకు మాత్రం విద్యార్థి తన జీవితంతోనే సమాధానం చెప్పుకోవాలి. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, విదేశాలలో వైద్యవిద్య నేర్చి, పరాయి దేశపు యుద్ధభూమిలో స్వచ్ఛందసేవ చేసి, తుదకు ఒక విద్యాసంస్థకు అండగా నిలిచిన డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ జీవితం అట్టి సమాధానాలలో ఒకటి.

అన్సారీ 1880 డిసెంబరు 25న నేటి ఉత్తరప్రదేశ్‌లోని గాజీపూర్ జిల్లా యూసుఫ్‌పూర్‌లో జన్మించారు. కుటుంబ సంబంధాల వలన హైదరాబాదుకు వచ్చి నిజాం కళాశాలలో చేరారు. 1887లో స్థాపితమైన ఆ కళాశాల అప్పుడు మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. అనంతరం నిజాం ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థివేతనంతో బ్రిటన్ వెళ్ళి, 1905 నాటికి వైద్యంలోను, శస్త్రచికిత్సలోను ఉన్నత పట్టాలు సాధించారు. ఆ విద్యార్థివేతనం ప్రభుత్వ ఖజానా నుండి వచ్చినది. అనగా ఈ నేలపై పన్ను చెల్లించిన ప్రజల సొమ్ము. ఈ సంగతి గుర్తుంచుకుంటే ఆయన తరువాతి జీవితం ఒక ఋణం తీర్చుకున్నట్లుగా మనకు కనిపిస్తుంది.

లండన్‌లోని లాక్ ఆసుపత్రిలోను, చారింగ్ క్రాస్ ఆసుపత్రిలోను ఆయన పనిచేశారు. అక్కడనే మోతీలాల్ నెహ్రూతోను, అప్పటికి విద్యార్థిగా ఉన్న జవహర్‌లాల్‌తోను స్నేహం కుదిరింది. 1910లో స్వదేశానికి తిరిగివచ్చి ఢిల్లీలో వైద్యవృత్తి ప్రారంభించారు. చేతిలో నైపుణ్యం, సమాజంలో గౌరవం ఉన్నాయి. సుఖజీవనానికి లోటులేని దశ అది.

అంతలో 1912 అక్టోబరులో బాల్కన్ యుద్ధం వచ్చిపడింది. బల్గేరియా, సెర్బియా, గ్రీసు, మాంటెనీగ్రో దేశాలు ఏకమై ఉస్మానియా సామ్రాజ్యంపై దండెత్తాయి. టర్కీ సేనలు వెనుకకు తగ్గాయి. గాయాలకు తోడు కలరా సైనికులను కబళించింది. ఇల్లు వాకిలి కోల్పోయిన కాందిశీకులు వేలసంఖ్యలో ఇస్తాంబుల్ చేరారు. ఈ వార్తలకు మన దేశంలోని ముస్లిములు తీవ్రంగా చలించిపోయారు. మౌలానా మొహమ్మద్ అలీ తమ కామ్రేడ్ పత్రిక ద్వారా విరాళాలకై పిలుపునిచ్చారు. వైద్యబృందాన్ని పంపాలని నిర్ణయం కాగా, నాయకత్వభారం అన్సారీ వహించారు. 1912 డిసెంబరులో బృందం బొంబాయిలో ఓడ ఎక్కింది. అలీగఢ్ కళాశాల విద్యార్థులు కొందరు చదువు మధ్యలోనే ఆపి, గాయాలకు కట్లు కట్టే పనికి, రోగులను మోసే పనికి స్వచ్ఛందంగా వెంట నడిచారు.

అక్కడ క్షేత్ర వైద్యశాల నెలకొల్పి, క్షతగాత్రులకు శస్త్రచికిత్సలు చేస్తూ, నెలల తరబడి ఆ బృందం సేవలో నిమగ్నమైంది. అన్సారీ వ్రాసిన లేఖలు కామ్రేడ్‌లో అచ్చయ్యేవి. చందా ఇచ్చిన వారు తమ ధనం ఎట్లు వినియోగపడుతున్నదో వాటి ద్వారా తెలుసుకోగలిగారు. అయితే ఏ వైద్యుని చేయీ యుద్ధగతిని మార్చలేదు. 1913 మార్చిలో ఎదిర్నే నగరం శత్రువుల వశమైంది. ఓడిపోతున్న పక్షం నడుమ నిలిచి, ఎదుటనున్న ఒక్కొక్క ప్రాణాన్ని కాపాడడమే ఆ బృందం పని అయింది. 1913 జులైలో వారు స్వదేశానికి తిరిగి వచ్చారు.

ఇక్కడ మనం గమనించవలసిన విశేషం ఒకటున్నది. ఆ ఒకే సేవ అందరినీ ఒకే దారిన నడిపించలేదు. అలీగఢ్‌లో చదివిన అబ్దుర్రహ్మాన్ పెషావరీ టర్కీలోనే ఉండిపోయి, ఆ దేశ సైన్యంలో చేరి, తరువాత కాబూల్‌లో ఆ దేశ రాయబారిగా పనిచేసి, 1925లో ఇస్తాంబుల్‌లో హంతకుని తూటాకు గురై మరణించారు. మరొక విద్యార్థి చౌధురీ ఖలీకుజ్జమాన్ ముస్లిం లీగ్ అగ్రనాయకులై, 1940 లాహోర్ తీర్మానాన్ని బలపరిచారు. అన్సారీ మాత్రం హిందూ ముస్లిం ఐక్యతనే తమ మార్గంగా ఎంచుకున్నారు. అనుభవం తలుపు తెరుస్తుంది. ఏ దారిన నడవాలో నిర్ణయించేది మన వివేకమే.

1920 జనవరిలో వైస్రాయి వద్దకు వెళ్ళిన ఖిలాఫత్ ప్రతినిధివర్గానికి అన్సారీ నాయకులు. 1924లో గాంధీజీ మతసామరస్యానికై ఢిల్లీలో 21 దినాలు ఉపవసించినప్పుడు ఆయన ఆరోగ్యాన్ని కనిపెట్టి ఉన్న వైద్యులలో అన్సారీ ఒకరు. 1927 డిసెంబరులో మద్రాసులో జరిగిన కాంగ్రెస్ మహాసభకు ఆయనే అధ్యక్షులు. సైమన్ కమిషన్‌ను బహిష్కరించాలని నిర్ణయించినది ఆ సభయే. దరియాగంజ్‌లోని వారి గృహం జాతీయ నాయకులకు విడిదిగా ఉండేది. 1931లో ఇర్విన్‌తో చర్చల సమయంలో గాంధీజీ అక్కడనే బసచేశారు. ప్రత్యేక నియోజకవర్గాలను వ్యతిరేకించినందుకు అన్సారీ స్వమతస్థులలో అనేకుల విమర్శకు పాత్రులయ్యారు. అయినా తమ మార్గం విడువలేదు.

ఏ ఖిలాఫత్ రక్షణకై భారత ముస్లిములు ఉద్యమించారో, దానిని 1924 మార్చిలో టర్కీయే రద్దుచేసింది. మరొకరైతే చేసిన శ్రమ అంతా వ్యర్థమని నిస్పృహ చెందేవారు. అన్సారీ తమ దృష్టిని విద్యవైపు మరల్చారు. 1920లో అలీగఢ్‌లో స్థాపించబడిన జామియా మిలియా ఇస్లామియా, ఉద్యమం చల్లారి ధనసహాయం ఆగిపోగా మూతపడే స్థితికి వచ్చింది. గాంధీజీ ప్రోత్సాహంతో హకీం అజ్మల్ ఖాన్, అన్సారీ మున్నగువారు 1925లో దానిని ఢిల్లీకి తరలించి నిలబెట్టారు. అజ్మల్ ఖాన్ మరణానంతరం 1928 నుండి తుదిశ్వాస వరకు అన్సారీ దాని కులపతి. హైదరాబాదులో జన్మించిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ అప్పటి ఉపకులపతి. 1935 మార్చి 1న ఓఖ్లాలో నూతన భవనానికి శంకుస్థాపన చేసినది ఏ ప్రముఖుడూ కాదు. ఆ సంస్థలో అందరికంటె చిన్నవాడైన విద్యార్థి. అదే సంవత్సరం టర్కీ రచయిత్రి హాలిదే ఎదీబ్ జామియాలో ఉపన్యసించడానికి వచ్చి, అన్సారీ ఇంటనే అతిథిగా ఉన్నారు. ఆయన నాడు నాటిన స్నేహబీజం ఇరవైరెండేళ్ళకు కూడ వాడిపోలేదు.

1936 మే 10న ముస్సోరీ నుండి ఢిల్లీకి తిరిగి వస్తూ రైలులో గుండెపోటుతో ఆయన కన్నుమూశారు. జామియా ఆవరణలోనే ఆయనను ఖననం చేశారు. 1988లో ఆ సంస్థ కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది.

విద్యార్థి సోదర సోదరీమణులారా! మనలో కొందరు రేపు విదేశాలకు వెళ్ళవచ్చు; కొందరు ఈ ఊరిలోనే ఉండవచ్చు. మన చదువు వెనుక కన్నవారి కష్టంతోపాటు మనమెరుగని ఎందరి చెమటయో ఉన్నది. అన్సారీ వెళ్ళిన యుద్ధంలో విజయం లభించలేదు. ఆయన కోరిన ఐక్యతా ఆయన కాలంలో సిద్ధించలేదు. నిలిచినది ఒక పాఠశాల. గెలుపు మన చేతిలో లేనప్పుడు కూడ సేవ మన చేతిలోనే ఉంటుందని ఆ మహనీయుని జీవితం మనకు బోధిస్తున్నది.