గణితము నెరుగని మహాశాస్త్రజ్ఞుడు: మైకేల్ ఫారడే

విద్యకు పాఠశాల యొక్కటే ద్వారము కాదు. పుస్తకమునే గురువుగా నెంచి, పేదయింట పుట్టిన బాలుడొకడు లోకపూజ్యుడైన చరిత్రయే మైకేల్ ఫారడే జీవితము.

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండను చెంతనున్న న్యూయింగ్టనులో జన్మించెను. తండ్రి కమ్మరి; పైగా వ్యాధిపీడితుడు. చదువుట, వ్రాయుట, చిన్న లెక్కలు చేయుట, ఇంతటితో బాలుని బడిచదువు ముగిసెను. 14వ యేట జార్జి రీబో అను పుస్తకవర్తకుని యొద్ద పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్వ జేరి, ఏడేండ్లు అచట గడపెను. తాను కుట్టిన పుస్తకములనే తీరిక వేళల చదివెను. విజ్ఞానసర్వస్వములో విద్యుత్తును గూర్చిన వ్యాసము, జేన్ మార్సెట్ అను విదుషీమణి వ్రాసిన రసాయనశాస్త్ర గ్రంథము ఆయన మనస్సును శాస్త్రము వైపునకు మరల్చినవి. 1812లో హంఫ్రీ డేవీ పండితుని ఉపన్యాసములు నాలుగు విని, వాని సారమును వ్రాసి, స్వయముగా అట్టకట్టి డేవీకి పంపెను. 1813 మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఆయనకు సహాయకుడుగా కొలువు లభించెను.

ఫారడేకు ఉన్నత గణితము రాదు. ఆ లోటును చేతిపనితోను, చూపుతోను పూరించుకొనెను. అయస్కాంతముపై కాగితము నుంచి ఇనుప రజను చల్లినచో, రజను వంపులు తిరిగిన వరుసలుగా నిలుచును. అందరును చూచిన ఆ వరుసలలో ఫారడే సత్యమును దర్శించెను. అయస్కాంతబలము ఇనుములోనే గాక చుట్టునున్న చోటంతయు నిండియున్నదనియు, ఆ వరుసలు దాని బాటలనియు తలచి, వానిని బలరేఖలనెను. 1831 అక్టోబరు 17వ తేదీన తీగచుట్టలోనికి అయస్కాంతమును చొప్పింపగా, అది కదలుచున్నంత సేపే తీగలో విద్యుత్తు ప్రవహించెను. కదలిక నిలువగనే ప్రవాహమును నిలిచెను. తీగ బలరేఖలను ఖండించునపుడే విద్యుత్తు పుట్టునని ఆయన వివరించెను. శ్రీశైలమున కృష్ణానది నీరు త్రిప్పు విద్యుద్యంత్రములకును ఈ సూత్రమే ఆధారము.

అయినను గణితజ్ఞులు పలువురు బలరేఖలను విశ్వసింపలేదు. దూరముననున్న వస్తువులు నడుమ నేదియు లేకయే ఒకదాని నొకటి ఆకర్షించునని వారి మతము. వారి లెక్కలును ప్రయోగములతో సరిపోవుచునే యుండెను. వారి సమీకరణములను ఫారడే చదువలేడు. ఆయన చిత్రములను వారు లెక్కలోనికి తేలేరు. ఏండ్ల తరబడి ఈ అగాధము పూడలేదు.

పూడ్చినవాడు, ఆ 1831లోనే స్కాట్లండున జన్మించిన జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్. ఆయన గణితమున దిట్ట. అయినను ఫారడే గ్రంథమును ముగించు వరకు విద్యుత్తును గూర్చిన గణితమును ముట్టరాదని నియమము పెట్టుకొనెను. పిదప బలరేఖలను ప్రవహించు ద్రవముతో పోల్చి గణితమున నిలిపెను. ఆ వ్యాసము 1857లో ఫారడేకు చేరెను. అప్పటికాయనకు 65 ఏండ్లు, జ్ఞాపకశక్తి సన్నగిల్లుచుండెను. తన భావముపై అంతటి గణితము మోపబడుట గాంచి మొదట భయపడితిననియు, అది చెదరక నిలుచుట జూచి ఆశ్చర్యపడితిననియు బదులు వ్రాసెను. ఆ యేడే మరియొక లేఖలో, గణితజ్ఞులు తమ ఫలితములను సామాన్యభాషలో గూడ చెప్పరాదా యని వినయముగా నడిగెను.

వెలుగు బలరేఖల కంపనమే కావచ్చునని ఫారడే 1846లో ఊహించియుండెను. మాక్స్‌వెల్ 1865లో ప్రకటించిన సమీకరణములలో విద్యుదయస్కాంత తరంగముల వేగము కాంతివేగముతో సరిపోయెను. స్ఫురణ చూపిన బాటను గణితము కొలిచి, దాని కొస యెచ్చటనో తేల్చెను. 1888 నాటికి హెర్ట్జ్ అను జర్మను పండితుడు ఆ తరంగములను ప్రయోగమున పుట్టించి చూపెను. రేడియోకు మూలమదియే.

ఆ ప్రయోగమును చూచుటకు ఫారడే లేడు. బిరుదులను నిరాకరించి, సామాన్యుడుగనే జీవించి, 1867 ఆగస్టు 25వ తేదీన కన్నుమూసెను. అట్టలు కట్టు కుర్రవాడు డేవీకి పంపిన ఆ చేతివ్రాత పుస్తకము మాత్రము రాయల్ ఇన్‌స్టిట్యూషనులో నేటికిని భద్రముగా నున్నది. ఏ గ్రామ గ్రంథాలయమున ఏ మూల కూర్చుండి యే బాలుడు చదువుచున్నాడో, వాని చూపు రేపు దేనిని కనుగొనునో ఎవరెరుగుదురు?