పరీక్ష తప్పినా పరిశోధన వీడలేదు
యల్లాప్రగడ జీవితం జీవశాస్త్ర విద్యార్థులకు ఆదర్శం

కారేపల్లి: గర్భిణులకు ఆరోగ్య కేంద్రాల్లో ఇచ్చే ఐరన్‌ మాత్రలో ఫోలిక్‌ ఆమ్లం ఉంటుంది. బోదకాలు నివారణకు ఇంటింటికీ తిరిగి మింగించే మాత్ర డీఈసీ. కారేపల్లి పరిసరాల్లోని తండాలకూ, భద్రాచలం అటవీ సరిహద్దు గూడేలకూ చిరపరిచితమైన ఈ రెండు మందుల వెనుక ఒక తెలుగువాడి కృషి ఉన్న సంగతి చాలామందికి తెలియదు. ఆయనే డాక్టర్‌ యల్లాప్రగడ సుబ్బారావు. డిగ్రీలో బీజెడ్‌సీ ముగించి తర్వాత ఏం చదవాలో తేల్చుకోలేక సతమతమయ్యే విద్యార్థులకు ఆయన జీవితమే ఒక పాఠం.

మూడో ప్రయత్నంలో మెట్రిక్‌

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. చదువులో ఆరంభం ఆశాజనకంగా సాగలేదు. మెట్రిక్యులేషన్‌ రెండుసార్లు తప్పి, మూడో ప్రయత్నంలో మద్రాసులో ఉత్తీర్ణులయ్యారు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్‌ ముగించి మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. స్వాతంత్ర్యోద్యమ ప్రభావంతో ఖద్దరు ధరించడం ఆంగ్లేయ ఆచార్యునికి రుచించలేదు. ఫలితంగా ఎంబీబీఎస్‌ పట్టా దక్కలేదు. అంతకంటే తక్కువ స్థాయిదైన ఎల్‌ఎంఎస్‌తోనే సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆ తర్వాత మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. అంతకుముందే స్ప్రూ అనే జబ్బు ఇద్దరు సోదరులను రోజుల వ్యవధిలోనే బలిగొంది. పేగులు ఆహారసారాన్ని గ్రహించలేక మనిషి రక్తహీనతతో కృశించే వ్యాధి అది. నాడు దానికి సరైన మందు లేదు.

పగలు చదువు, రాత్రి కూలి

1920వ దశకం తొలినాళ్లలో మామగారు సమకూర్చిన ధనంతో సుబ్బారావు అమెరికా చేరి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదివారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిళ్లు రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు. అనంతరం వైద్య వృత్తికి బదులు జీవరసాయన శాస్త్రాన్ని ఎంచుకోవడం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో రంగు గాఢతను బట్టి లెక్కగట్టే పద్ధతిని సైరస్‌ ఫిస్క్‌తో కలిసి 1925లో వెలువరించారు. ఫిస్క్‌-సుబ్బారావు పద్ధతిగా అది నేటికీ జీవరసాయన శాస్త్ర పాఠ్యాంశాల్లో నిలిచి ఉంది. కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోనూ, కణాలకు శక్తినందించే ఏటీపీని 1929లోనూ ఈ జంట వెల్లడించింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్‌ లోమన్‌ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. 1930లో సుబ్బారావుకు హార్వర్డ్‌ పీహెచ్‌డీ లభించింది. అయినా అక్కడ శాశ్వత ఆచార్య పదవి మాత్రం దక్కలేదు.

ప్రయోగశాల నుంచి రోగి పడక వద్దకు

1940లో న్యూయార్క్‌ రాష్ట్రం పెర్ల్‌రివర్‌లోని లెడర్లీ ఔషధ సంస్థలో చేరి పరిశోధనలకు సారథ్యం వహించారు. ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్‌ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను కబళించిన స్ప్రూ చికిత్సకు అదే ఔషధంగా ఉపకరించింది. ఫోలిక్‌ ఆమ్లం పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను, దాని వెంటే మెథోట్రెక్సేట్‌ను కూడా ఆ బృందమే రూపొందించింది. బోస్టన్‌ వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌ రక్త క్యాన్సర్‌ పిల్లలకు అమినోప్టెరిన్‌ ఇవ్వగా కొందరిలో వ్యాధి తాత్కాలికంగా ఉపశమించింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో వెలువడ్డాయి. బోదకాలుకు వాడే డీఈసీ, బెంజమిన్‌ డుగ్గర్‌ కనుగొన్న ఆరియోమైసిన్‌ ఈయన సారథ్యంలోనే వెలుగుచూశాయి.

ఈ విజయాలకు చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు. స్వదేశంలో పుట్టిన కుమారుడు పసితనంలోనే కన్నుమూశాడు. భార్య శేషగిరి ఆయన రాకకై ఎదురుచూస్తూనే ఉండిపోయారు. తిరిగి మాతృభూమిని చూడకుండానే 1948 ఆగస్టు 8న, 53వ ఏట గుండెపోటుతో నిద్రలోనే మరణించారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం ఆయన స్మారకార్థం తపాలా బిళ్ల విడుదల చేసింది.

నేటి విద్యార్థికి దారులు

ఇప్పుడు జీవశాస్త్రాల్లో పైచదువుకు సముద్రాలు దాటనవసరం లేదు. ఉస్మానియా, కాకతీయ తదితర రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో జీవరసాయన శాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, బయోటెక్నాలజీ, వృక్ష, జంతుశాస్త్ర ఎమ్మెస్సీ సీట్లను సీపీగెట్‌ ర్యాంకుతో పొందవచ్చు. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ-పీజీ ఉంది. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్‌-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్‌ సాధిస్తే ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేయవచ్చు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ వంటి సంస్థల్లో పరిశోధనకు అది మార్గం. అధ్యాపక వృత్తితో పాటు ఔషధ, టీకా పరిశ్రమల్లో నాణ్యత పరీక్ష, పరిశోధన విభాగాలూ ఉన్నాయి.

వైద్య సీటు రాలేదనో, పరీక్ష ఒకసారి తప్పామనో చదువుకు స్వస్తి పలికేవారు సుబ్బారావును గుర్తుచేసుకోవాలి. రెండుసార్లు మెట్రిక్‌ తప్పిన ఆ విద్యార్థి చేసిన పరిశోధన ఫలమే నేడు అడవి అంచు పల్లెల ఆరోగ్య కేంద్రాలకూ చేరుతోంది.