క్లాడ్ కాహున్: ఫొటోల్లో ఆడా, మగా తేడా చెరిపేశారు.. నాజీలకు చీటీలతో చుక్కలు చూపించారు!

క్లాడ్.. ఫ్రాన్స్‌లో ఆడా, మగా ఎవరైనా పెట్టుకునే పేరు. 1894లో నాంట్‌లో పుట్టిన లూసీ ష్వాబ్ ఏరికోరి ఆ పేరే పెట్టుకున్నారు. గుండుతో ఓసారి, మగాళ్ల సూటులో మరోసారి, 1927లోనైతే బుగ్గలపై లవ్ సింబల్స్ గీసుకుని బరువులెత్తే వస్తాదులా ఫొటోలు దిగారు. ఫొటోలు కత్తిరించి అతికించిన కొలాజ్‌లతో 1930లో పుస్తకమే తెచ్చారు.

అసలు కథ జెర్సీ దీవిలో! 1940లో జర్మన్ సైన్యం ఆ దీవిని ఆక్రమించింది. అప్పటికే అక్కడుంటున్న క్లాడ్, జీవిత భాగస్వామి మార్సెల్ మూర్ ఊరుకోలేదు. సైనికులను తిరగబడమంటూ జర్మన్ భాషలో చీటీలు టైప్ చేసి వాళ్ల జేబుల్లో, సిగరెట్ పెట్టెల్లో వేసేవారు. కింద సంతకం.. పేరులేని సైనికుడు అని. ఇదీ వేషమే మరి! 1944లో దొరికిపోయారు. మరణశిక్ష పడినా అమలు కాలేదు. 1945 మేలో దీవికి విముక్తి రావడంతో ఇద్దరూ జైలు నుంచి బయటపడ్డారు. ఇంట్లోని ఫొటోలు మాత్రం చాలావరకు నాజీల చేతిలో నాశనమయ్యాయి. క్లాడ్ 1954లో కన్నుమూశారు. మిగిలిన ఫొటోలను ప్రపంచం గుర్తించింది 1980ల తర్వాతే.